మాక్ టెస్ట్‌లో నా ఆన్సర్ తప్పట. యూరప్‌కి చదువు క్రూసేడుల వల్లే వచ్చిందా?

గ్రూప్స్_గౌతమి
నిన్న మా కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. "గ్రీకు, అరబ్బు విజ్ఞానం పశ్చిమ యూరప్‌కు ప్రధానంగా ఎలా చేరింది?" అని ఒక ప్రశ్న. ఆప్షన్లలో "క్రూసేడుల ద్వారా" ఒకటి, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీద చేసిన యుద్ధాల ద్వారా, "స్పెయిన్, సిసిలీలలో జరిగిన అనువాదాల ద్వారా" ఇంకొకటి. నేను రెండోది పెట్టాను. కీలో మొదటిది ఉంది. మార్కు రాకపోగా నెగెటివ్ కింద మూడో వంతు కోత పడింది.

సార్‌ని అడిగితే మెటీరియల్ తీసి చూపించారు. "క్రూసేడుల ఫలితాలు" అని ఆరు పాయింట్లు ఉన్నాయి. వాణిజ్యం పెరిగింది, భూస్వామ్య వ్యవస్థ కూలింది, పోప్ అధికారం తగ్గింది, విజ్ఞానం వచ్చింది, సుగంధ ద్రవ్యాలు తెలిశాయి, పునరుజ్జీవనం మొదలైంది. "ఇదే రాయమ్మా, మార్కులు పడతాయి" అన్నారు.

1095లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పోప్ అర్బన్-2 పిలుపు, 1099లో జెరూసలేం పట్టుకోవడం, 1187లో ముస్లిం సుల్తాను సలాదీన్ తిరిగి తీసుకోవడం, 1291లో పాలస్తీనా తీరంలో క్రూసేడర్ల చివరి పెద్ద స్థావరం అక్రా పడిపోవడం, తేదీలన్నీ నాకు నోటికి వచ్చు. కానీ రెండొందల ఏళ్లు ఒకరినొకరు నరుక్కుంటే చివరికి మిగిలింది చదువూ సంపదా అని రాయాలంటే నాకు చెయ్యి ఆడటం లేదు. నాది తప్పా, కీ తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిరియం_గింజ
కీ తప్పు. మూడో వంతు వెనక్కి ఇవ్వమనండి.

సోషల్_మాస్టారు
అంత తొందరగా తేల్చేయకండి. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను, ఆ పాయింట్లు పిల్లలకు నేనూ చెప్పాను. ఊరికే పుట్టుకొచ్చినవి కావవి. మొదటి క్రూసేడుకు వెళ్లడానికి నార్మండీ డ్యూక్ రాబర్ట్ 1096లో ఏం చేశాడో తెలుసా? తన నార్మండీ మొత్తాన్ని సొంత తమ్ముడు, ఇంగ్లాండ్ రాజు విలియం దగ్గర 10,000 మార్కుల వెండికి (మార్కు అంటే అప్పటి వెండి తూకం) తాకట్టు పెట్టాడు. అదే క్రూసేడు నాయకుల్లో ఒకడు, బుయాన్ కోట ఉన్న గాడ్‌ఫ్రే కూడా కోటను లీజ్ అనే ఊరి బిషప్‌కు రాసిచ్చి బయల్దేరాడు. ఒక నైట్, అంటే గుర్రపు యోధుడు, వెళ్లి రావడానికి నాలుగైదేళ్ల ఆదాయం ఖర్చయ్యేదని చరిత్రకారుల అంచనా. గుర్రాలు, ఆయుధాలు, వెంట వచ్చేవాళ్ల తిండి, అన్నీ అతనే చూసుకోవాలి. పొలం పుట్రా మఠాల చేతికి పోకుండా ఎలా ఉంటాయి? భూస్వాములు చితికిపోయారనే మాటలో నిజం ఉందమ్మా.

మోటుపల్లి_మిత్ర
మాస్టారూ, తాకట్టు నిజమే. కానీ ఆ పొలం పక్క మఠానికో పక్క భూస్వామికో చేరింది కానీ, దున్నే రైతుకు రాలేదు కదా. యజమాని మారాడు, వ్యవస్థ మారలేదు. పశ్చిమ యూరప్‌లో వెట్టి రైతుల బతుకు గట్టిగా కదిలింది 1347 తర్వాత, ప్లేగు వచ్చి పనిచేసే చేతులు కరువైనప్పుడు. అప్పటికి అక్రా పోయి యాభై ఏళ్లు దాటింది.

గౌతమి గారి అసలు ప్రశ్నకు వస్తే, ఆవిడదే సరైన సమాధానం. క్రెమోనా నుంచి గెరార్డ్ అనే ఇటలీ పండితుడు టోలెమీ ఖగోళ గ్రంథం అల్మజెస్ట్ కోసం వెతుక్కుంటూ వెళ్లాడు. జెరూసలేం వైపు పోలేదు, స్పెయిన్‌లోని టోలెడోకు పోయాడు. అక్కడే అరబ్బీ నేర్చుకుని, అక్కడే ఉండిపోయి, డెబ్బైకి పైగా పుస్తకాలు లాటిన్‌లోకి మార్చాడు. ఇబ్న్ సీనా వైద్య గ్రంథం కూడా అందులో ఉంది. యూరప్ వైద్య విద్యార్థులు ఆ పుస్తకాన్ని 17వ శతాబ్దం దాకా చదివారు. గెరార్డ్ చనిపోయింది 1187లో. సరిగ్గా జెరూసలేం క్రూసేడర్ల చేయి జారిన ఏడాది.

లెక్కల_లచ్చి
గెరార్డ్ తర్వాత మా లెక్కల ఆయన్ని కూడా చెప్పుకోవాలి. పీసా లియొనార్డో, అంటే ఫిబొనాచ్చి. వాళ్ల నాన్న ఉత్తరాఫ్రికాలో బుజియా రేవులో పీసా వర్తకుల తరఫున కస్టమ్స్ పని చూసేవాడు. కొడుకును అక్కడికి పిలిపించి లెక్కలు నేర్పించాడు. ఆ పిల్లాడు 1202లో రాసిన పుస్తకం మొదట్లోనే "భారతీయుల తొమ్మిది అంకెలు" అని మనవాళ్ల పేరు చెప్పి, సున్నాను పరిచయం చేశాడు. నేను తొమ్మిదో తరగతిలో సంఖ్యల పాఠం ఎప్పుడూ దీనితోనే మొదలుపెడతాను. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. రేవులో కస్టమ్స్ గుమాస్తా కొడుకు, కత్తి పట్టినవాడు కాదు.

1202 అంటే నాలుగో క్రూసేడు ఓడలు వెనిస్ నుంచి బయల్దేరిన ఏడాది కూడా. ఒకే ఏడు, ఒకే దేశపు రెండు రేవులు.

కడప_పిల్లోడు
మిత్ర అన్నా, నాకొక అనుమానం. టోలెడో మాత్రం ఊరికే వచ్చిందా? 1085లో కాస్టీల్ రాజు అల్ఫాన్సో-6 ముట్టడి వేసి తీసుకున్నాడు. సిసిలీ కూడా అంతే, 1061 నుంచి 1091 దాకా నార్మన్లు యుద్ధం చేసి ముస్లింల దగ్గర గుంజుకున్నారు. అప్పుడు పుస్తకాలు యుద్ధం వల్లే దొరికాయని సార్ అంటే ఏం జవాబు చెబుతాం?

మోటుపల్లి_మిత్ర
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ, దీనికి నేనూ తడుముకున్నాను. నాకు తోచింది చెబుతా. టోలెడోలో, సిసిలీ రాజధాని పాలెర్మోలో గెలిచినవాళ్లు అక్కడి జనాన్ని ఉంచుకున్నారు. టోలెడోలో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు, యూదులు, ముస్లింలు అదే వీధుల్లో ఉండిపోయారు. అనువాదం తరచూ ఇద్దరు కూర్చుని చేసే పని. ఒకరు అరబ్బీ చూసి ఊరి భాషలో చెబితే, రెండోవాడు లాటిన్‌లో రాసుకునేవాడు. పక్కింటివాడిని చంపేస్తే పుస్తకం ఎవరు చదివి చెబుతారు? 1099లో జెరూసలేం వీధుల్లో జరిగింది ఆ చంపడమే. ఊళ్లో దొరికిన ముస్లింలను, యూదులను నరికేశారు. మిగిలినవాళ్లను తరిమేశారు.

కడప_పిల్లోడు
ఇది నచ్చింది. పాలెర్మోలో రోజర్-2 అనే క్రైస్తవ రాజు కొలువులో అల్ ఇద్రీసీ అనే ముస్లిం 1154లో ప్రపంచ పటం పూర్తి చేశాడని చదివాను. మా నాన్న మ్యాపుల పిచ్చోడు, ఆ పటం నకలు ప్రింట్ తీయించి గోడకు తగిలించాడు. దక్షిణం పైకి ఉంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తలకిందులుగా పెట్టారేంటని అడుగుతారు.

సోషల్_మాస్టారు
మిత్ర గారూ, మీ మాటకు ఒక్క అడ్డు. క్రూసేడర్ల రాజ్యాల్లో అనువాదమే జరగలేదంటే ఒప్పుకోను. పీసా నుంచి వెళ్లిన స్టీఫెన్ అనే ఆయన 1127లో ఆంటియోక్‌లో కూర్చుని అల్ మజూసీ వైద్య గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు.

మోటుపల్లి_మిత్ర
ఒప్పుకుంటాను మాస్టారూ. ఆంటియోక్‌లో ఒక స్టీఫెన్ ఉన్నాడు. టోలెడోలో పదుల మంది ఉన్నారు. ప్రశ్నలో "ప్రధానంగా" అని ఉంది, అందుకే గౌతమి గారి వైపు మొగ్గుతున్నాను. కాగితం కూడా అదే దారి. యూరప్‌లో మిగిలిన అతి పాత కాగితపు పత్రాల్లో ఒకటి సిసిలీని పాలించిన కౌంటెస్ అడలైడ్ రాయించింది, 1109 నాటిది. అరబ్బీ, గ్రీకు రెండూ ఉన్నాయి దాని మీద.

మిరియం_గింజ
నా పేరు మీదే ఒక పాయింట్ ఉంది కాబట్టి మాట్లాడాలి. "సుగంధ ద్రవ్యాలు తెలిశాయి" అనేది శుద్ధ తప్పు. 408లో గోత్‌ల నాయకుడు అలారిక్ రోమ్‌ను ముట్టడించి వదిలిపెట్టడానికి అడిగినవాటిలో బంగారం, వెండితో పాటు 3,000 పౌండ్ల మిరియాలు ఉన్నాయి. క్లెర్మాంట్ సభకు దాదాపు ఏడొందల ఏళ్ల ముందే మలబారు మిరియం రోము వంటింట్లో ఉంది.

గ్రూప్స్_గౌతమి
మిరియాల పాయింట్ రాసుకున్నాను, థాంక్యూ. మరి వాణిజ్యం సంగతి? వెనిస్, జెనోవా, పీసా బాగుపడింది నిజమే కదా?

మోటుపల్లి_మిత్ర
బాగుపడ్డాయి. కానీ పునాది ముందే ఉంది. 1082లోనే బైజాంటియన్ (తూర్పు రోమన్) చక్రవర్తి అలెక్సియోస్ వెనిస్‌కు సుంకాలు మాఫీ చేస్తూ బంగారు ముద్ర వేసిన శాసనం ఇచ్చాడు. నార్మన్ల మీద యుద్ధంలో ఓడల సాయం చేసినందుకు. 1095లో పోప్‌ను సైన్యం అడిగింది కూడా ఈ అలెక్సియోసే. 1071లో మాంజికెర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కుల చేతిలో దెబ్బ తిన్నాక ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) జారిపోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కిరాయి సైనికులు కావాలన్నాడు. వచ్చింది ఒక ఖండం.

క్రూసేడుల్లో ఇటలీ రేవులకు దొరికింది ఓడల కిరాయి, గెలిచిన ఊళ్లలో ఒక వీధి, ఒక గిడ్డంగి, సుంకంలో రాయితీ. అంతటితో ఆగలేదు. శత్రువుకు ఇనుము, ఓడల కలప అమ్మితే వెలివేస్తామని 1179లో చర్చి మహాసభ తీర్మానించింది. అమ్మకపోతే ఆ తీర్మానమే అక్కర్లేదు కదా.

ట్రాలీబ్యాగ్
వెనిస్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. రెండేళ్ల కింద ఆఫీసు పని మీద మిలాన్ వెళ్లి, ఒక రోజు మిగిలితే వెనిస్ రైలెక్కాను. సాన్ మార్కో చర్చి ముందు అందరూ పైనున్న నాలుగు గుర్రాలకు ఫోటోలు తీస్తున్నారు. అవి నకళ్లు. అసలువి లోపల మ్యూజియంలో ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే బంగారు పూత మీద గీతలు గీతలుగా గీరినట్టు ఉంటుంది. 1204లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) గుర్రపు పందేల మైదానం నుంచి ఎత్తుకొచ్చినవి.

నన్ను పట్టుకున్నది అది కూడా కాదు. బయట మూల మీద, జనం నడిచే ఎత్తులోనే, ముదురు ఎరుపు రాతి బొమ్మలున్నాయి. నలుగురు రోమన్ పాలకులు ఇద్దరిద్దరుగా భుజాల మీద చేయి వేసుకుని నిలబడి ఉంటారు. ఒకాయన పాదం దగ్గర రాయి వేరే, తెల్లగా అతికించినట్టు ఉంటుంది. అసలు పాదం ముక్క 1960లలో ఇస్తాంబుల్ తవ్వకాల్లో దొరికింది, అక్కడి మ్యూజియంలో ఉంది. దోచుకొస్తున్నప్పుడు విరిగి అక్కడే పడిపోయింది. ఎనిమిది వందల ఏళ్లుగా మనిషి ఒక ఊళ్లో, పాదం ఇంకో ఊళ్లో. ఆ తెల్లరాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

గ్రూప్స్_గౌతమి
మా మెటీరియల్‌లో నాలుగో క్రూసేడుకు "దారి తప్పింది" అని ఒక్క లైను ఉంది. ఎలా తప్పింది?

ట్రాలీబ్యాగ్
అప్పు. 33,500 మందికి, 4,500 గుర్రాలకు ఓడలు, తిండి సిద్ధం చేయమని 1201లో వెనిస్‌తో 85,000 మార్కులకు ఒప్పందం రాసుకున్నారు. వెనిస్ ఏడాది పైగా మిగతా పనులు ఆపుకుని ఓడలు కట్టింది. తీరా చూస్తే వచ్చింది అందులో మూడో వంతు మంది. డబ్బు చాల్లేదు. ముసలివాడు, చూపు లేని వెనిస్ అధిపతి (డోజ్) ఎన్రికో డాండోలో, "అప్పు తర్వాత తీర్చుదురు గానీ ముందు జారా మీద పడదాం" అన్నాడు. జారా ఇప్పటి క్రొయేషియా తీరంలోని రేవు, క్రైస్తవుల ఊరే. తర్వాత తండ్రి సింహాసనం పోయిన బైజాంటియన్ రాకుమారుడు వచ్చి, నన్ను గద్దె మీద కూర్చోబెడితే రెండు లక్షల మార్కులిస్తానన్నాడు. ఇవ్వలేకపోయాడు. 1204 ఏప్రిల్‌లో క్రైస్తవ సైన్యం తూర్పు క్రైస్తవుల రాజధాని మీద పడి మూడు రోజులు దోచుకుంది. ముస్లింల మీదికని బయల్దేరినవాళ్లలో ఎక్కువమంది జెరూసలేం మొహమే చూడలేదు.

సోషల్_మాస్టారు
ఆ దెబ్బ నుంచి బైజాంటియం కోలుకోలేదు. 1261లో నగరం తిరిగి దక్కినా పాత బలం రాలేదు, 1453లో ఆటోమన్లకు పోయింది. తూర్పు చర్చికి పడమటి చర్చి మీద నమ్మకం పోయింది కూడా అప్పుడే. 2001లో పోప్ జాన్ పాల్-2 ఏథెన్స్ వెళ్లినప్పుడు దీనికి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల నాటి పనికి! గౌతమీ, యూరప్ మీద ప్రభావం అంటే ఇది రాయాలి.

రైన్_తీరం
జెరూసలేం దాకా కూడా వెళ్లనక్కర్లేదు. నేను మాన్‌హైమ్‌లో ఉద్యోగం. ఇక్కడి నుంచి స్పేయర్ అరగంట. అక్కడ 1120 ప్రాంతంలో కట్టిన యూదుల స్నానఘట్టం ఉంది, భూమిలోకి పది మీటర్ల దాకా మెట్లు దిగాలి. మన కోనేరు గుర్తొచ్చింది. ఎండాకాలం వెళ్లినా కింద చల్లగా ఉంటుంది, అడుగున ఊటనీళ్లు కదలకుండా ఉంటాయి. పక్కన కేథడ్రల్ కట్టిన మేస్త్రీలే దీన్నీ కట్టి ఉంటారని చెబుతారు.

కట్టిన కాలం చూడండి. అంతకు పాతికేళ్ల ముందే, 1096 మేలో, మొదటి క్రూసేడుకు బయల్దేరిన గుంపులు ఈ నది ఒడ్డు ఊళ్ల మీద పడ్డాయి. "క్రీస్తు శత్రువుల కోసం అంత దూరం ఎందుకు, ఇక్కడే ఉన్నారుగా" అని యూదుల ఇళ్లు వెతికారు. స్పేయర్‌లో బిషప్ జాన్ గట్టిగా అడ్డుపడి చాలామందిని కాపాడాడు. వర్మ్స్‌లో బిషప్ కోటలో తలదాచుకున్నవాళ్లను కూడా వదల్లేదు. మైంజ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారని హీబ్రూ వృత్తాంతాలు చెబుతాయి. మతం మార్చుకోవడం ఇష్టం లేక తల్లులు పిల్లల్ని తామే చంపుకున్నారు. ఈ మాట టైపు చేస్తుంటేనే చేతులు ఆగిపోతున్నాయి.

వర్మ్స్‌లో వాళ్ల పాత శ్మశానం ఇప్పటికీ ఉంది. వాలిపోయిన రాళ్ల మధ్య గడ్డి. కొన్ని రాళ్లు 1096 కంటే ముందువి. మా పాపను తీసుకెళ్తే, ఆ రాళ్ల మీద ఎవరో పెట్టిన చిన్న గులకరాళ్లు చూసి తనూ ఒకటి పెట్టింది.

లెక్కల_లచ్చి
ఇది ఏ పాయింట్ కింద వస్తుంది? ఆరింట్లోనూ లేదు.

రైన్_తీరం
లేదండి. అదే నా బాధ. ఒక్కసారితో అయిపోలేదు కూడా. 1190లో మూడో క్రూసేడు సన్నాహాల్లో ఇంగ్లాండ్ యార్క్ కోట బురుజులో దాదాపు 150 మంది యూదులు చనిపోయారు. ఆ గుంపు తర్వాత ఏం చేసిందో తెలుసా? చర్చిలో దాచిన అప్పు పత్రాలు తీసి తగలబెట్టింది. వంద ఏళ్లకు, 1290లో, యూదులను ఇంగ్లాండ్ నుంచే వెళ్లగొట్టారు.

నల్లమల_నీడ
ఇప్పుడు కూడా ఒక మతం వాళ్లు ఇలాగే

వేదిక_పెద్ద
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. ఈనాటి రాజకీయాలు ఈ దారంలోకి తేవద్దు. 1291 దాకా ఎంత కావాలంటే అంత మాట్లాడుకోండి. ఇక్కడ అన్ని మతాల వాళ్లూ చదువుతున్నారు.

కడప_పిల్లోడు
థాంక్యూ పెద్దన్నా. సలాదీన్ గురించి చెప్పి ఆపేస్తాను. 1187 అక్టోబరులో జెరూసలేం తీసుకున్నప్పుడు ఆయన 1099 నాటి నరమేధం తిరిగి చేయలేదు. మగవాళ్లకు పది దినార్లు, ఆడవాళ్లకు ఐదు, పిల్లలకు ఒకటి కట్టి వెళ్లిపొమ్మన్నాడు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న కథ ఇది. పెద్దయ్యాక రెండో సగం చదివాను, డబ్బు కట్టలేని వేలమంది బానిసలయ్యారు. రెండూ చెప్పాలి కదా. ఇంగ్లాండ్ రాజు రిచర్డ్ సంగతీ అంతే. వీరుడంటారు, 1191 ఆగస్టులో అక్రా బయట దాదాపు 2,700 మంది బందీలను వరసగా నిలబెట్టి చంపించాడు.

హైఫా_అక్క
అక్రా, అక్రా అంటుంటే ఆగలేకపోయాను. నేను హైఫాలో ఒక ముసలమ్మను చూసుకునే పనిలో ఉన్నాను, మాది పశ్చిమ గోదావరి. అక్రా మాకు బస్సులో అరగంట, ఇక్కడ అక్కో అంటారు. సెలవు దొరికితే నేనూ ఇంకో ఇద్దరు మన ఊరివాళ్లం అక్కడికి పోతాం. క్రూసేడర్ల కాలం హాళ్లు భూమిలో పూడిపోయి ఉంటే తవ్వి తీశారు. ఎంత లావు స్తంభాలో! ముగ్గురం చేతులు చాపినా అందలేదు. హాస్పిటలర్లు అనే సన్యాసి సైనికులవి అవి. జెరూసలేంలో వాళ్ల ఆస్పత్రిలో 2,000 మంది రోగులు ఉండేవారని అప్పటి యాత్రికుడు ఒకాయన రాశాడట. నేను చేసే పనీ రోగి సేవే కదా, అది విన్నాక ఆ హాల్లో నిలబడి ప్రార్థన చేసుకున్నాను.

వైద్యం గురించి ఒక కథ చెబుతా. ఉసామా అనే సిరియా పెద్దమనిషి తన జ్ఞాపకాల్లో రాసుకున్నది. ఒక క్రూసేడర్ కాలికి గడ్డ లేస్తే, అక్కడి క్రైస్తవ అరబ్ వైద్యుడు కట్టు కట్టాడు, గడ్డ పగిలి నయమవుతోంది. ఇంతలో యూరప్ వైద్యుడొకడు వచ్చి "ఒక కాలితో బతుకుతావా, రెండు కాళ్లతో చస్తావా?" అని అడిగాడు. ఒక కాలితో బతుకుతానన్నాడు రోగి. గొడ్డలి తెప్పించి రెండు దెబ్బలు వేయించాడు. మనిషి అక్కడికక్కడే పోయాడు. అదే ఉసామా, ఇంకో యూరప్ వైద్యుడు పుండును ఘాటు వెనిగర్‌తో కడిగి బాగుచేశాడని మెచ్చుకున్నాడు కూడా. పుండు కడగడం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. మంచిది ఎవరి దగ్గరున్నా మంచిదే అని రాసిన మనిషి, నాకు ఆయన మీద గౌరవం.

ఇంకోటి, ఆ హాళ్ల తవ్వకంలో వందల కొద్దీ కుండలు దొరికాయి. గరాటులా కిందికి సన్నగా ఉంటాయి, అడుగున రంధ్రం. చక్కెర చేసే కుండలట. వాటితో ఏం చేసేవాళ్లో నాకు అర్థం కాలేదు.

అనకాపల్లి_గానుగ
అక్కా, అది నేను చెప్తాను. మాకు రెండెకరాల చెరకు, తాత కాలం నుంచి బెల్లం వండుతున్నాం. బెల్లంలో పాకం అంతా దిమ్మగా గడ్డకడుతుంది, నల్లదనం కూడా అందులోనే ఉండిపోతుంది. చక్కెరలో అలా కాదు. పాకం చిక్కబడ్డాక ఆ కుండలో పోసి నిలబెడతారు. రోజులు గడిచేకొద్దీ పలుకు కట్టింది పైన ఉండిపోతుంది, కట్టని జిగురు నీళ్లు అడుగు రంధ్రం నుంచి బొట్టుబొట్టుగా కింద పెట్టిన జాడీలోకి దిగిపోతాయి. కుండ బోర్లిస్తే శంకు ఆకారంలో చక్కెర ముద్ద. పని చాలా ఓపికది.

ఇంకో సంగతి. చెరకు నరికాక ఆగదు. ఒక్క రోజు దాటితే రసంలో తీపి పడిపోతుంది. నరికేవాళ్లు, మోసేవాళ్లు, గానుగ, పొయ్యి, అన్నీ ఒకే చోట ఒకే రోజు ఉండాలి. కూలీలు దొరక్కపోతే పంట పోయినట్టే. మా దగ్గర సీజన్లో ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. మరి వాళ్లకు కూలీలు ఎవరు?

మోటుపల్లి_మిత్ర
గానుగ గారూ, మీరు పట్టుకున్నది ఈ దారం మొత్తంలో పెద్ద విషయం. చెరకు సిరియా తీరానికి అరబ్బుల కాలంలోనే వచ్చింది. మన శర్కర పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, అక్కడి నుంచి షుగర్. యూరప్ వాళ్లు తూరు, అక్రా చుట్టుపక్కల ఆ తోటలకు యజమానులయ్యారు. తీపికి ఎక్కువగా తేనె మీదే ఆధారపడే చోటికి చక్కెర అమ్మి లాభం చూశారు. 1291లో అక్రా పోయాక వ్యాపారం సైప్రస్‌కు మారింది, ఆ ద్వీపాన్ని 1191లోనే రిచర్డ్ పట్టుకుని ఉన్నాడు. హాస్పిటలర్లకు అక్కడా చక్కెర మిల్లులున్నాయి. 15వ శతాబ్దంలో సిసిలీ చెరకు పోర్చుగీసుల మదీరా ద్వీపానికి చేరింది. అక్కడ కూలీ పనికి బానిసలను దింపారు. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో చెరకు తీసుకుని అట్లాంటిక్ దాటాడు. ఆ తర్వాత బ్రెజిల్, కరీబియన్ తోటల్లో ఆఫ్రికా మనుషులకు ఏం జరిగిందో అందరికీ తెలుసు.

మీ ప్రశ్నకు జవాబు అదే. నరికిన రోజే గానుగ ఆడాలి కాబట్టి పారిపోలేని కూలీలు కావాలనుకున్నారు.

అనకాపల్లి_గానుగ
ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదండి.

గ్రూప్స్_గౌతమి
నాకూ. నోట్స్ మొత్తం కొట్టేసి కొత్తగా రాస్తున్నాను. పోప్ అధికారం తగ్గిందనే పాయింట్ ఒక్కటి తేలాలి. మాస్టారూ?

సోషల్_మాస్టారు
ఆలోచిస్తే దాన్ని తిరగరాయాలమ్మా. ముందు పెరిగింది. రాజుల్ని కదిలించి ఖండాలు దాటించగలిగాడు. పన్ను వేయడం నేర్చుకున్నాడు. 1199లో ఇన్నోసెంట్-3 చర్చిల ఆదాయంలో నలభయ్యో వంతు అడిగాడు, 1215లో ఇరవయ్యో వంతు, మూడేళ్లు. వెళ్లలేనివాడు డబ్బిచ్చినా పాపవిమోచన ఉందన్నారు. ఆ విమోచన పత్రాల అమ్మకం మీదే 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ తిరగబడ్డాడు. మూడు శతాబ్దాల తర్వాత వచ్చిన తరుగుదల అది.

రాజులూ పన్నులు నేర్చుకున్నారు. 1188లో ఇంగ్లాండ్‌లో, ఫ్రాన్స్‌లో సలాదీన్ పేరు మీదే పదో వంతు వేశారు, ఆదాయం మీదా ఇంట్లో సామాను మీదా. తిరిగొస్తున్న రిచర్డ్ ఆస్ట్రియాలో దొరికిపోతే విడిపించడానికి 1,50,000 మార్కులు అడిగారు. జనం నాలుగో వంతు కట్టాల్సి వచ్చింది, సిస్టర్షియన్ సన్యాసుల దగ్గర ఆ ఏటి గొర్రెల ఉన్ని కూడా తీసుకున్నారు. యుద్ధం ఆగింది, పన్ను వేసే అలవాటు ఆగలేదు. ముప్పై రెండేళ్లలో ఇది పిల్లలకు చెప్పలేకపోయాను. నువ్వు చెప్పు.

లెక్కల_లచ్చి
మాస్టారూ, ఈ వాక్యం నా తొమ్మిదో తరగతిలో కూడా చెప్తాను. శాతాల పాఠానికి సరిపోతుంది.

మిరియం_గింజ
మోటుపల్లి గారూ, మీ పేరుకు తగ్గ సంగతి ఇంకా చెప్పలేదు. దాచుకున్నారా?

మోటుపల్లి_మిత్ర
సందర్భం కోసం ఆగాను. 1271లో పదిహేడేళ్ల మార్కో పోలో నాన్న, బాబాయిలతో తూర్పుకు బయల్దేరింది ఈ అక్రా నుంచే. హైఫా అక్క తిరిగే ఊరు. తర్వాత తన యాత్రల పుస్తకంలో మన తీరం మోటుపల్లి గురించి చెప్పాడు. రాణి పాలన, వజ్రాలు, సాలీడు గూడంత సన్నని బట్టలు. ఆ రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప తీసుకోం, భయం లేకుండా రండి అని. అదే 1244లో జెరూసలేం మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారజ్మీల చేతిలో కొల్లబోయింది. చిన్నప్పుడు మా నాన్న ఆ రాయి దగ్గరికి ఎత్తుకుని తీసుకెళ్లి చూపించారు. అందుకే ఈ పేరు.

గ్రూప్స్_గౌతమి
ఈ రోజు క్లాసయ్యాక సార్‌కు నా కొత్త నోట్స్ చూపించాను. గెరార్డ్, 1109 కాగితం, ఫిబొనాచ్చి వరకు చదివి, ఈ ప్రశ్నకు రెండు ఆప్షన్లకూ మార్కు ఇస్తానన్నారు. రైన్ ఒడ్డు సంగతి, చక్కెర సంగతి చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. జిరాక్స్ తీయించి బ్యాచ్ అందరికీ ఇమ్మన్నారు. అరవై కాపీలు తీయించాను. మార్కు, కోత పోయిన మూడో వంతు రెండూ తిరిగొచ్చాయి.

రైన్_తీరం
మైంజ్, వర్మ్స్, స్పేయర్, మూడు పేర్లూ ఉన్నాయా అందులో?

గ్రూప్స్_గౌతమి
మూడూ ఉన్నాయండి. బిషప్ జాన్ పేరు కూడా.

అనకాపల్లి_గానుగ
హైఫా అక్కా, ఈసారి అక్కో వెళ్తే ఆ కుండ అడుగు రంధ్రంలో చిటికెన వేలు పడుతుందో లేదో చూసి చెప్పండి. మా కుమ్మరి చేత ఒకటి చేయించి సంక్రాంతి పంటకు పాకం పోసి చూస్తాను.

హైఫా_అక్క
ముట్టుకోనివ్వరేమో తమ్ముడూ, పక్కన నా వేలు పెట్టి ఫోటో తీసి పంపుతా. వచ్చే నెల మొదటి వారం సెలవు ఉంది.